జుమేరాత్ బజార్‌లో బాపు పాటల పుస్తకాలు

సినిమా పత్రికలో సంతల గోల ఏమిటని విసుక్కోకండి. ఈ ప్రయాణం మొదలైంది ఒక సినిమాతోనే. అయితే అది మన సినిమా కాదు, ఇటలీ వాళ్ళది.

నేను వరంగల్లులో డిగ్రీ చదివే రోజుల్లో ఒక సాయంత్రం ఫిల్మ్ సొసైటీ వారు విటోరియో డిసీకా తీసిన ‘బైసికిల్ థీవ్స్’ వేశారు. 1948లో వచ్చిన చిత్రం. 1952లో మన దేశంలో మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగినప్పుడు ఇక్కడికీ వచ్చింది. కథ రెండు ముక్కల్లో చెప్పేయవచ్చు. రోము నగరంలో ఒక పేదవాడికి గోడల మీద పోస్టర్లు అంటించే ఉద్యోగం దొరుకుతుంది. ఆ ఉద్యోగానికి సైకిలు కావాలి. ఇల్లాలు దుప్పట్లు తాకట్టు పెట్టి సైకిలు విడిపిస్తుంది. మొదటి రోజునే, అతగాడు రీటా హేవర్త్ బొమ్మ ఉన్న సినిమా పోస్టరు అంటిస్తూ ఉండగా, సైకిలు కాస్తా ఎవడో ఎత్తుకుపోతాడు! ఇక అక్కణ్ణుంచి తండ్రీ, చిన్న కొడుకూ కలిసి రోము వీధులన్నీ గాలిస్తారు.

వాళ్ళు వెతకడానికి వెళ్ళేది ఎక్కడికనుకున్నారు? పాత సామాన్ల సంతకి! చక్రాలు, గంటలు, పంపులు, చట్రాలు... అన్నీ రాశులు పోసి ఉంటాయి. పోర్తా పోర్తేసే అనే చోటికి వెళ్ళేసరికి జోరున వాన. ఆ సంత ఈనాటికీ రోములో ఆదివారం ఆదివారం జరుగుతూనే ఉంది. వెతికి వెతికి విసిగి, తండ్రి కొడుకును ఒక దెబ్బ వేస్తాడు. ఆ తరువాత మనసు కరిగి, వాణ్ణి హోటలుకు తీసుకుపోయి జున్ను పెట్టి వేయించిన రొట్టె తినిపిస్తాడు. నేను ఇటలీ వెళ్ళింది లేదు, వెళ్ళే స్తోమతూ లేదు. నాకు తెలిసిన ఇటలీ అంతా ఇదే. ఒక సంత, ఒక పూట తిండి, చేతులు పట్టుకున్న తండ్రీ కొడుకులు.

ఆ రాత్రి అందరూ ఆ తండ్రిని చూసి కళ్ళు తుడుచుకున్నారు. నేను మాత్రం సైకిలు ఎత్తుకుపోయిన కుర్రాణ్ణే తలుచుకుంటూ కూర్చున్నాను. కారణం ఉంది. మా ఇంట్లో దొంగను నేనే!

సేమ్యా ఐసుకు పాటల పుస్తకాలు

మాది కేసముద్రం. కాజీపేట నుంచి బెజవాడ వెళ్ళే రైలుమార్గంలో ఇంటికన్నె దాటాక వచ్చే స్టేషను. మొన్నమొన్నటి దాకా వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. మా వాళ్ళ నోట మాత్రం మహబూబాబాద్ ఎప్పటికీ మానుకోటే అనుకోండి. మిర్చి, మక్కలు, పసుపు, పెసలు... వ్యవసాయ మార్కెట్టు పుణ్యమా అని నలుగురికీ తెలిసిన ఊరు. మిర్చి సీజనులో మా ఊళ్ళో దిగితే మిమ్మల్ని ముందు తుమ్ము పలకరిస్తుంది, మనుషులు ఆ తరువాత!

మా నాన్నను మేము బాపు అంటాం. (బొమ్మల బాపుగారు కాదు సుమా! మా వైపు తండ్రిని అట్లాగే పిలుస్తారు.) ఆయన మార్కెట్టు యార్డులో దడ్వాయి. అంటే బస్తాలకు కాంటా పెట్టి తూకం చెప్పే మనిషి. బీడీ లేదు, కల్లు లేదు. ఉన్నది ఒక్కటే వ్యసనం, సినిమా. చూసిన ప్రతి సినిమాకూ పాటల పుస్తకం కొనేవాడు.

పాటల పుస్తకమంటే ఈ తరం వాళ్ళకు చెప్పాలేమో! హాలు గేటు దగ్గర కుర్రాళ్ళు అరిచి అరిచి అమ్మే పల్చటి పుస్తకం. అట్ట మీద తారల బొమ్మలు. లోపల నటీనటుల పేర్లు, సాంకేతిక నిపుణుల పేర్లు. కథ సరిగ్గా పట్టులోకి వచ్చే చోట ఆపేసి, మిగతాది వెండితెర మీద చూసుకోమన్న ఊరింపు. వెనకంతా పాటలు. పావలాకు మించని సరుకు. బాపు ఒక్కో పుస్తకం మొదటి పేజీలో ఆకుపచ్చ సిరాతో ఊరి పేరు, తేదీ, ఆట, టిక్కెట్టు తరగతి రాసి పెట్టేవాడు. ‘కేసముద్రం. రెండవ ఆట. నేల.’ ఇట్లా నూరు పైచిలుకు పుస్తకాలు ఇనపపెట్టెలో ఉండేవి.

వాటిలో ప్రత్యేకంగా ఒక కట్ట ఉండేది, దాశరథిగారు పాటలు రాసిన చిత్రాలది. దాశరథి కృష్ణమాచార్యులుగారు పుట్టింది మా పక్కనే, చిన్నగూడూరులో. 1925లో. నిజాం జైలుకు వెళ్ళి వచ్చిన కవి, 1961లో సినిమా పాటలు మొదలుపెట్టాడు. ‘ఇద్దరు మిత్రులు’ ఆ ఏటిదే. తెర మీద ఆయన పేరు పడగానే బాపు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి, “మనోడు!” అనేవాడట.

1999 ఎండాకాలం. నాకు పదేళ్ళు. వీధిలోకి పాత కాగితాలవాడి బండీ, దాని వెనకే సేమ్యా ఐసు బండీ వచ్చాయి. ఇంట్లో ఎవరూ లేరు. నా పాత నోటు పుస్తకాలు తూకానికి చాలలేదు. మిగతా బరువు ఇనపపెట్టెలోంచి తెచ్చాను. రెండు ఐసులు తిన్నాను. అంతే కథ.

వారానికో, పది రోజులకో బాపు పెట్టె తెరిచాడు. “చెదలు పట్టినయేమో, దులిపినప్పుడు పారేసిన్నేమో” అంది అమ్మ. బాపు పెట్టె మూసేశాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. మళ్ళీ పాటల పుస్తకం కొననూ లేదు. కొందామన్నా అప్పటికి హాళ్ళ దగ్గర అమ్మేవాళ్ళు కరువయ్యారు.

పట్నం ప్రయాణం

బాపుకు ఇప్పుడు డెబ్బై దాటాయి. కుడికంటికి శుక్లం వచ్చింది. పట్నంలో చూపించాలనుకుని 2024 సెప్టెంబరులో రోజు కుదుర్చుకున్నాం. సరిగ్గా ఒకటో తారీఖున ఇంటికన్నెకూ కేసముద్రానికీ మధ్య వరద రైలు పట్టాల కింది కంకరంతా ఊడ్చుకుపోయింది. పట్టాలు గాలిలో వేలాడుతున్న ఆ ఫోటో దేశమంతా చూసింది. కొన్నాళ్ళు బండ్లే లేవు. మా ప్రయాణం వాయిదాల మీద పడి చివరకు కార్తీకంలో తేలింది.

డాక్టరుగారు శుక్రవారం రమ్మన్నారు. నేను బుధవారమే బయలుదేరదీశాను. బాపుకు అనుమానం వచ్చింది.

“ఒక దినం ముందుగాల పోవుడెందుకురా?”

“గురువారం ఒక సంత ఉన్నది బాపూ. జూద్దాం.”

“సంత జూసుటానికి పట్నం పోవాల్నా? మన మార్కెట్ జాలదా?”

నిజం చెప్పే ధైర్యం అప్పటికింకా రాలేదు. పొద్దుటి బండి ఎక్కాం. ముషీరాబాదులో మా పెద్దమ్మ కొడుకు ఇంట్లో మకాం.

గురువారం సంత

జుమేరాత్ అంటే ఉర్దూలో గురువారం. పురానాపూల్ దగ్గర గురువారం నాడు జరుగుతుంది కనుక జుమేరాత్ బజార్. పురానాపూల్ అంటే పాత వంతెన. మూసీ మీద 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కట్టించాడు. అంటే చార్మినారు కన్నా పెద్దది వయసులో! యువరాజు మహమ్మద్ కులీ తన ప్రియురాలు భాగమతి కోసం ఏరు పొంగుతున్నా లెక్కచేయక గుర్రం దూకించాడనీ, కొడుకు ప్రాణం మీది తీపితో తండ్రి ఈ వంతెన కట్టించాడనీ ఒక కథ. చరిత్రకారులు ఒప్పుకోరు. మన కథా రచయితలు మాత్రం వదులుకోరు!

తెల్లవారి ఆటో దిగేసరికే సంత నిండుగా ఉంది. నేల మీద పరదాలు పరిచి పోసిన వస్తువులు చూస్తే, ఒక ఊరి ఊరంతా ఇళ్ళు తలకిందులు చేసి దులిపినట్టుంది. జతలో ఒక్కటే మిగిలిన బూటు. పలకని గోడగడియారాలు. మిక్సీ జార్లు, గ్యాసు పొయ్యి బర్నర్లు, రంపాలు, పట్టకార్లు. తాళం లేని చెవులు ఒక గుట్ట, చెవి లేని తాళాలు ఇంకో గుట్ట. ఎవరిదో పెళ్ళి ఫోటో, ఫ్రేము కోసం అమ్మకానికి. ఇంకొంచెం ముందుకు వెళితే కూల్చిన పాత ఇళ్ళ తలుపులు, కిటికీలు, చెక్కిన స్తంభాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఏ జాగీర్దారు ద్వారబంధమో, ఇవాళ ఏ రిసార్టుకు పోతుందో!

ఇక్కడ బేరానికి ఒక మర్యాద ఉంది. కొనేది లేకపోతే ధర అడగకూడదు. అడిగాక సగానికి అడగాలి. వాడు నవ్వితే మన మాట దగ్గరకు వచ్చిందన్నమాట. తిడితే కూడా దగ్గరకు వచ్చినట్టే. మౌనంగా వస్తువు తిరిగి సర్దుకుంటే మాత్రం నడవడం మంచిది. పర్సు ముందు జేబులో పెట్టుకోవడం మరచిపోకండి. లేకపోతే వచ్చే గురువారం మీ పర్సు మీరే కొనుక్కోవలసి వస్తుందని ఇక్కడివాళ్ళే హాస్యమాడతారు.

ఒక దుకాణం ముందు బాపు కూలబడ్డాడు. తూకపు రాళ్ళు! వాటిలో ఒక ఇనుప గుండును అరచేతిలో పెట్టి రెండుసార్లు ఎగరేశాడు. బోర్లించి చూశాడు.

“క్యా హోనా చచ్చా?” అన్నాడు దుకాణదారు.

“ఇది దొంగ రాయి,” అన్నాడు బాపు తెలుగులోనే. “కింద సీసం పోసి సర్కారు ముద్ర ఏస్తరు. సీసం తవ్వి తీసిండ్రు. తూకం తక్కువొస్తది.”

నేను ఉర్దూలో చెప్పాను. దుకాణదారు కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. పకపక నవ్వి మా ఇద్దరికీ చాయ్ చెప్పాడు. “ముప్ఫై ఏళ్ళుగా అమ్ముతున్నాను, కింద తిప్పి చూసిన మొదటి గిరాకీ ఈ చచ్చాయే” అన్నాడు ఉర్దూలో. బాపుకు కంటిచూపు మందగించినా చేతిచూపు మందగించలేదు!

పక్క దుకాణంలో ఒక కుర్రాడు అంకెల చక్రం తిప్పే పాత టెలిఫోను, పెద్ద వాల్వు రేడియో, అల్యూమినియం టిఫిను కారియరు బేరమాడుతున్నాడు. పలకరిస్తే, సినిమావాడే! ఒక కళాదర్శకుని దగ్గర సహాయకుడట. 1980ల నాటి మధ్యతరగతి ఇల్లు సెట్టు వేస్తున్నారట. “కొత్తగా చేయిస్తే పాతదిలా కనిపించదండీ. దుమ్ముతో సహా ఇక్కడే దొరుకుతుంది” అన్నాడు. ఈసారి మీరు పాతకాలం కథ చూస్తుంటే కథానాయిక వెనక బల్ల మీద ఉన్న రేడియోను కాస్త గమనించండి. ఏ గురువారం నాటి సరుకో!

సంగతి విని బాపు తల పంకించాడు. “మనం వాడి పారేసినయే మనకు జూపిచ్చి టికెట్ పైసలు తీసుకుంటున్నరన్నట్టు!”

ఇంతకీ నేను వచ్చిన పని? బాపు చాయ్ తాగుతుండగా నేను నాలుగు దుకాణాలు తిరిగాను. గ్రామఫోను రికార్డులు ఉన్నాయి, కుక్కబొమ్మతో సహా. పాత పత్రికలు ఉన్నాయి. హిందీ సినిమా పుస్తకాలు రెండు కనిపించాయి. తెలుగు పాటల పుస్తకం ఒక్కటీ లేదు. రికార్డుల ముసలాయన జాలిపడి, “కాగితం ఇక్కడ నిలవదు బేటా. వానకు, చెదలుకు పోతుంది. ఆదివారం ఆబిడ్స్‌లో అడుగు” అన్నాడు.

తిండి మజిలీలు

సంత నుంచి నడక మొదలుపెట్టాం. బేగంబజార్ మీదుగా మొజంజాహి మార్కెట్టు దాకా. బేగంబజారు దారంతా ముక్కుకు పండుగ! ఎండుద్రాక్ష, బాదం, జీడిపప్పు బస్తాలు నోళ్ళు తెరుచుకుని కూర్చుంటాయి. ఏలకుల వాసన వదలకముందే ఇంగువ అందుకుంటుంది. మార్వాడీ మిఠాయి దుకాణంలో వేడి కచోరీ చెరొకటి తిన్నాం. ఒక మసాలాల కొట్టు ముందు బాపు ఆగి, మిర్చి తొడిమ విరిచి వాసన చూసి, “మంచిదే, గని మన ఎరుపు లేదు” అని తీర్పు చెప్పాడు. కొట్టువాడు పట్టించుకోలేదు. బాపూ పట్టించుకోలేదు.

ఇటలీలో ఫ్లోరెన్సు నగరంలో సాన్ లోరెంజో దగ్గర 1874 నాటి మార్కెట్టు ఒకటి ఉంది. పైన ఇనుమూ గాజూ కప్పిన పెద్ద కట్టడం. కింద మాంసం, చేపలు, కూరలు. 2014లో మేడ మీది అంతస్తును తిండి అంగళ్ళకు ఇచ్చారు. మనకు ఆ సరదా తీర్చేది మొజంజాహి మార్కెట్టు. ఏడో నిజాం రెండో కుమారుడు మొజంజా పేరిట 1935లో కట్టిన రాతి కట్టడం. నడుమ గడియారపు గోపురం, రెండు వైపులా రెక్కల్లా చాచిన దుకాణాలు. ఒకప్పుడు నగరానికి పండ్లన్నీ ఇక్కడి నుంచే. పండ్ల టోకు వ్యాపారం 1980లలో కొత్తపేట వైపు తరలిపోయాక కట్టడానికి కళ తప్పింది. గోడలకు సున్నాలు, తీగలు, బోర్డులు పట్టి అసలు రాయి కనిపించకుండా పోయింది. మరమ్మతులు జరిగి 2020 ఆగస్టులో మళ్ళీ ముస్తాబయింది. మేకప్పు తీసేస్తే అందం బయటపడే తారలు కొందరుంటారే, అట్లా!

ఎదురుగా 1953 నుంచీ ఉన్న కరాచీ బేకరీ. దేశవిభజన వేళ సింధు నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాని పెట్టింది. పండ్ల ముక్కల బిస్కట్లు అక్కడ కట్టించుకున్నాం, అమ్మ కోసం. మార్కెట్టు లోపల అత్తరు దుకాణాలు, వాటి పక్కనే ఐస్‌క్రీం దుకాణాలు. అక్కడ ఆరుబయట కుర్చీల్లో కూర్చున్నాం. కార్తీకం కదా, సీతాఫలం ఐస్‌క్రీం ఉంది. గింజలు తీసిన గుజ్జు, చిక్కటి పాలు, చక్కెర. నోట్లో వేసుకుంటే ఇసుకలా సన్నగా తగిలే ఆ పలుకుల్ని బట్టే అసలు పండని తెలుస్తుంది.

బాపు రెండు చెంచాలు తిన్నాడు. ఎదుట చల్లటి గిన్నె. నాకు పాతికేళ్ళ కిందటి ఐసు గుర్తుకొచ్చింది. ఇక ఆగలేకపోయాను.

“బాపూ... ఆ పాటల పుస్తకాలు చెదలు తినలె. నేనే అమ్మిన.”

బాపు చెంచా ఆపలేదు.

“ఎంత తూగినయి?”

“ఏమో. రెండు కిలోలన్నడు.”

“కాంటా మోసం జేసిండు. మూడున్నరకు తక్కువుండయి.”

నాకు నోట మాట రాలేదు. “నీకు ముందే ఎర్కనా?”

“అదే వారం టేషన్ కాడ మిర్చి బజ్జీలు కొన్న. పొట్లం ఇప్పితే నా రాతే. ఆకుపచ్చ సిరా. నూనెల తడిసి ఇంకింత నిగనిగలాడుతున్నది. ఇంట్ల కాయితాలు అమ్మేటోడు నువ్వు గాక ఇంకెవడురా?”

“మరి నన్నెందుకు అడగలె?”

బాపు గిన్నె అడుగున కరిగినదంతా చెంచాతో గీకి తిన్నాడు. మూతి తుడుచుకున్నాడు.

“అడిగితే నువ్వు లేదంటవు. అబద్ధమాడుడు నేనే నేర్పినట్టయితది. పుస్తకాలు పోతే పోయినయి తియ్యి.”

మా పక్క బల్ల దగ్గర కాలేజీ పిల్లలు ఫోటోలు తీసుకుంటున్నారు. గోపురం గడియారం కేసి చూస్తూ కూర్చున్నాను. ‘బైసికిల్ థీవ్స్’ చివర్లో తండ్రే ఒక సైకిలు దొంగిలించబోయి కొడుకు కళ్ళెదుట పట్టుబడతాడు. కొడుకు ఏమీ అనడు, తండ్రి చెయ్యి పట్టుకుంటాడు. మా కథలో పాత్రలు తారుమారయ్యాయి, అంతే తేడా.

“ఇంకోటి తింటవా?” అన్నాడు బాపు. తిన్నాను.

ఆదివారం ఆబిడ్స్

శుక్రవారం డాక్టరుగారు చూసి, శుక్లం ఇంకా ముదరలేదు, సంక్రాంతి తరువాత ఆపరేషను చేద్దామన్నారు. తిరుగు టిక్కెట్టు ఆదివారం సాయంత్రానికి తీసుకున్నాను. ఈసారి కారణం దాచలేదు.

ఆదివారం ఆబిడ్స్‌లో పెద్ద దుకాణాల తలుపులు మూసి ఉంటాయి. వాటి ముందు కాలిబాట పుస్తకాలది. దశాబ్దాలుగా ఇదే తీరు. ఇంజనీరింగు గైడ్లు, ఇంగ్లీషు నవలలు, ఉర్దూ దీవాన్లు, అట్టలు పోయిన డిటెక్టివ్‌లు, ఎవరో ఎవరికో ప్రేమతో ఇచ్చిన కవితా సంపుటాలు. వంగి వంగి చూడాలి. సాయంత్రానికి నడుము మనది కాదు!

మూడోచోట అడిగేసరికి దుకాణదారు నన్ను ఎగాదిగా చూసి, వెనక సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో పాతిక దాకా తెలుగు పాటల పుస్తకాలు! ఒక్కోటీ ఐదు వందలట.

“పావలా పుస్తకం!” అన్నాడు బాపు.

“కాగితానికి కాదు పెద్దాయనా, దొరకనందుకు ధర,” అన్నాడు దుకాణదారు. అతను పైపైన చెప్పిన మాట కాదది. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో హెచ్.ఎం. రెడ్డిగారు తీశారు. ఇవాళ చూద్దామంటే ప్రింటు లేదు. మూకీల కాలంలో 1921లో వచ్చిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ గతీ అంతే. 1964లో పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టేనాటికే ఎన్నో సినిమాలు కాలగర్భంలో కలిసిపోయాయి. రీలు పోయిన చోట ఆ చిత్రంలో ఎవరు నటించారో, ఎన్ని పాటలున్నాయో, కథ ఏమిటో చెప్పడానికి మిగిలేవి ఇటువంటి పల్చటి పుస్తకాలూ, నాలుగు స్టిల్సూ, రికార్డులూనూ. నేను ఐసుకు అమ్మిన కట్టలో ఏమేమి ఉన్నాయో తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

బాపు కవరు ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. ఒక్కో పుస్తకం మొదటి పేజీ తెరవడం, ఎడమకంటికి దగ్గరగా పెట్టుకోవడం, మూయడం. ఏం వెతుకుతున్నాడో నాకు తెలుసు. ఆకుపచ్చ సిరా. పాతికా అయిపోయాయి. లేదు.

వాటిలో ఒకటి మాత్రం ఆయన చేతిలోనే ఉండిపోయింది. ‘మూగ మనసులు’. 1964. ఆదుర్తి సుబ్బారావుగారి చిత్రం. గోదారి గట్టు పాట దాశరథిగారిదే. బాపు పన్నెండేళ్ళప్పుడు హన్మకొండలో మేనమామతో కలిసి చూసిన సినిమా. మొదటి పేజీలో నీలి సిరాతో ఎవరో రాసుకున్నారు. ‘తెనాలి. మొదటి ఆట. బెంచీ. అమ్మతో.’

నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఇట్లా రాసుకునే పిచ్చి మా బాపు ఒక్కడిదే అనుకున్నాను ఇన్నాళ్ళూ!

బాపు ఆ అక్షరాల మీద వేలు పెట్టి చదివి, కాసేపు ఊరుకున్నాడు. “ఈయన కొడుకు గూడ ఐసే తిన్నడేమోరా” అన్నాడు. తరువాత దుకాణదారుతో అరగంట బేరమాడాడు. మూడు వందలకు తెగింది. పైసలు నేను ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టి తన బనీను జేబులోంచి తీశాడు.

పౌనా చాయ్, ఇంటి దారి

బండికి ఇంకా వేళ ఉంది. సికింద్రాబాదు స్టేషను దగ్గర ఇరానీ హోటల్లో కూర్చున్నాం. ఇరానీ చాయ్ మన ఇంటి టీ కాదు. డికాక్షను మూత బిగించిన పాత్రలో గంటల కొద్దీ మరుగుతూ ఉంటుంది. పాలు వేరే పాత్రలో కోవా కాబోతున్నాయా అన్నంత చిక్కగా కాగుతాయి. కప్పులో రెండూ కలిసేదాకా ఒకదాని మొహం ఒకటి చూడవు. పాలు ఎక్కువ కావాలంటే ‘పౌనా’ అనాలి. పక్కన ఉస్మానియా బిస్కట్లు. తీపీ ఉప్పూ రెండూ ఉండి, చాయ్‌లో ముంచి తీసే లోపల విరిగి పడిపోయేంత మెత్తన. బాపుది రెండుసార్లు పడిపోయింది. మూడోసారి చెయ్యి తిరిగింది.

రైల్లో కిటికీ పక్క కూర్చుని బాపు పుస్తకం తీశాడు. నా జేబులోని కలం అడిగాడు. తెనాలి ఆయన రాసిన దాని కిందే, అదరకుండా, నిదానంగా రాశాడు. ‘కేసముద్రం. హన్మకొండల చూసిన. మామతోని.’ నా కలంలో ఉన్నది నల్ల సిరా. ఏం చేస్తాం!

వరంగల్లు దాటాక పుస్తకం నాకిచ్చి, “నీ కాడ ఉంచు” అన్నాడు.

“నా దగ్గరనా?”

“ఇప్పుడు ఐసు తినే వయసు దాటినవు గద!”

ఇంటికన్నె దాటి, సెప్టెంబరులో వరదకు కొట్టుకుపోయిన చోటికి వచ్చేసరికి బండి నెమ్మదించింది. కొత్త కంకర మీద చక్రాల చప్పుడు వింటూ బాపు నిద్రపోయాడు.

పాఠక మహాశయులకు ఒక మనవి. మీరు గురువారం పురానాపూల్ వైపు, ఆదివారం ఆబిడ్స్ వైపు వెళితే తీరికగా వెళ్ళండి. సంత చూడండి, సీతాఫలం రోజులైతే ఐస్‌క్రీం తినండి, పౌనా తాగండి. మూడున్నర కిలోల పుస్తకాలూ బజ్జీల పాలే అయి ఉంటాయని నేను అనుకోను. ఎక్కడైనా ఒక పాత పాటల పుస్తకం మొదటి పేజీలో ఆకుపచ్చ సిరాతో ‘కేసముద్రం. రెండవ ఆట. నేల.’ అని కనబడితే, దయచేసి బేరమాడకుండా కొని, ఈ పత్రిక చిరునామాకు ఒక కార్డు ముక్క రాయండి. వచ్చి తీసుకువెళతాను. ఛార్జీలూ, ఐస్‌క్రీమూ నావి.